కొత్త ట్రైనర్ విమానం సరిగా ఎగరడం లేదా? సమస్య - పరిష్కారం

రెక్కలు ఒక కొస నుంచి ఇంకో కొసకు 1,000–1,400 మి.మీ. పొడవుండి, 3ఎస్ లైపో (మూడు సెల్స్ లిథియం పాలిమర్) బ్యాటరీతో నడిచే, రిమోట్‌తో ఎగరేసే ఫోమ్ హై-వింగ్ (రెక్క పైన ఉండే) ట్రైనర్ల గురించి, అంటే నేర్చుకునేవాళ్ళ మోడల్ విమానాల గురించి ఇది. ముందు సీజీ (బరువు తూగే చోటు), తర్వాత ట్రిమ్ (స్టిక్ వదిలినా నేరుగా వెళ్ళేలా చేసే చిన్న సర్దుబాటు), ఆఖరున మోటార్ కోణం: ఈ వరుస తప్పొద్దు. సీజీ చెడి ఉండగా ట్రిమ్ తిప్పుతూ పోతే ఒక స్పీడుకు కుదిరింది ఇంకో స్పీడుకు చెడిపోతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయండి.

చేతిలోంచి వదలగానే ముక్కు లేచి, ఆగి, కూలుతోంది

ఎక్కువసార్లు ఇది తోక బరువే. బ్యాటరీ వెనక్కి జరిగి ఉంటుంది, లేదా తోకకు వేసిన అతుకుల్లో జిగురు ఎక్కువై ఉంటుంది. తోక దూరంగా ఉంటుంది కాబట్టి అక్కడ పెరిగిన 5 గ్రాములకు ముక్కు దగ్గర అంతకు రెండు మూడు రెట్లు పెట్టాల్సి వస్తుంది.

ఎగరేసేటప్పుడు ఉండే బ్యాటరీనే పెట్టి, రెండు రెక్కల కిందా ఒక్కో వేలు ఆనించి లేపండి. రెక్క ముందంచు నుంచి వెనకంచుకు 200 మి.మీ. ఉంటే, ముందంచు నుంచి 50–65 మి.మీ. మధ్యలో తూగాలి. మాన్యువల్ వేరే కొలత చెబితే దాన్నే పాటించండి. మొదటిసారి ముక్కు ఒక పిసరు కిందికి వాలి ఉన్నా పర్లేదు. ముక్కు బరువైతే విమానం మొద్దుగా ఎగురుతుంది, అంతే. తోక బరువైతే మాత్రం చేతికి లొంగదు. ముందు బ్యాటరీని ముక్కు వైపు జరపండి. చాలకపోతే గాలానికి కట్టే సీసం గుళ్ళు ముక్కులో అతికించండి.

సీజీ బాగానే ఉంటే మీరు విసిరే తీరు చూసుకోండి. ఆకాశంలోకి కాదు, గాలికి ఎదురుగా, నేలకు సమాంతరంగా విసరాలి.

వదలగానే ఎడమకు ఒరుగుతోంది

మోటార్ ఆపి, ఎత్తు గడ్డి మీదుగా మెల్లగా విసిరి చూడండి. అప్పుడూ ఒరిగితే రెక్క మెలి తిరిగి ఉంది, లేదా ఐలరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) మధ్యలో లేదు. నేరుగా వెళ్తే అది ప్రొపెల్లర్ టార్క్ (ప్రొపెల్లర్ తిరిగేటప్పుడు విమానాన్ని ఎదురు దిశలో మెలిపెట్టే బలం) పని. అప్పుడు ఫుల్ థ్రాటిల్‌తో కాకుండా మూడొంతుల్లో రెండొంతులతో వదలండి. అయినా తగ్గకపోతే, వెనక నుంచి చూస్తే ఎడమవైపు ఉన్న మోటార్ మౌంట్ స్క్రూల కింద పల్చటి వాషర్లు వేయండి. మోటార్ కుడికి రెండు డిగ్రీలు తిరిగితే చాలు.

థ్రాటిల్ పెంచితే ముక్కు నిటారుగా లేస్తోంది

ట్రైనర్ కొంచెం లేవడం సహజం. సగం థ్రాటిల్‌లో సమంగా వెళ్ళేలా ట్రిమ్ చేసి, ఫుల్ ఇచ్చి చూడండి. నిలువుగా ఎక్కుతుంటే మౌంట్ పై స్క్రూల కింద 1 మి.మీ. వాషర్లు వేయండి, మోటార్ కిందికి వాలుతుంది.

కుడికి తిప్పితే ఎడమకు పోతోంది

ట్రాన్స్‌మిటర్‌లో (చేతిలోని రిమోట్‌లో) ఆ చానెల్ రివర్స్ సెట్టింగ్ మార్చాలి. అసలు ఈ తప్పును నేల మీదే, విమానం వెనక నిలబడి పట్టుకోవాలి. స్టిక్ కుడికి తోస్తే కుడి ఐలరాన్ పైకి రావాలి, మీవైపు లాగితే ఎలివేటర్ (తోక దగ్గర అడ్డంగా ఉండే పలక) పైకి లేవాలి.

మోటార్ తిరుగుతోంది, లాగడం లేదు

ప్రొపెల్లర్ మీద అక్షరాలున్న వైపు ముందుకు ఉండాలి. అలాగే ఉండీ గాలి ముందుకు కొడుతుంటే, ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నడిపే పరికరం) నుంచి మోటార్‌కు వెళ్ళే మూడు తీగల్లో ఏ రెండైనా అటూఇటూ మార్చండి. బ్యాటరీ తీగలు మాత్రం మార్చొద్దు, ఈఎస్‌సీ కాలిపోతుంది.

అసలు తిరగడం లేదు, బీప్‌లు వస్తూనే ఉన్నాయి

థ్రాటిల్ పూర్తిగా కింద లేదని ఈఎస్‌సీ అనుకుంటోంది. థ్రాటిల్ ట్రిమ్ దించండి. ఫుటాబా ట్రాన్స్‌మిటర్ అయితే థ్రాటిల్ చానెల్ రివర్స్ చేయాల్సి వస్తుంది. ముందు ప్రొపెల్లర్ తీసేయండి.

స్టిక్ కాస్త కదిపినా ఎగిరెగిరి పడుతోంది

ట్రాన్స్‌మిటర్‌లో డ్యూయల్ రేట్ (పలకలు ఎంత మేర కదలాలో చెప్పేది) 70 శాతం, ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో ఎంత మెత్తగా స్పందించాలో చెప్పేది) 30 శాతం పెట్టండి. ఎక్స్‌పోతో మెత్తబడటానికి స్పెక్ట్రమ్ ట్రాన్స్‌మిటర్‌లో ప్లస్, ఫుటాబాలో మైనస్. తారుమారైతే విమానం ఇంకా దురుసుగా తయారవుతుంది. పుష్‌రాడ్‌ను (పలకను కదిపే కడ్డీ) సర్వో (పలకలను కదిపే చిన్న మోటార్) ఆర్మ్‌లో లోపలి రంధ్రానికి, హార్న్‌లో (పలక మీద ఉండే చిన్న కొమ్ము) బయటి రంధ్రానికి మార్చినా తగ్గుతుంది.

మలుపులో ఒక రెక్క ఠక్కున పడిపోతోంది

ఇది స్టాల్, అంటే రెక్క విమానాన్ని ఇక మోయలేకపోవడం. గాలివాటున వస్తున్న విమానం నేల మీంచి చూస్తే వేగంగా కనిపిస్తుంది, పైలట్ థ్రాటిల్ తగ్గించేస్తాడు. గాలిలో దానికున్న వేగం మాత్రం తక్కువే. తిప్పడానికి ఎలివేటర్ గట్టిగా లాగగానే రెక్క వదిలేస్తుంది. వెంటనే ఎలివేటర్ వదిలి, థ్రాటిల్ ఇచ్చి, వేగం వచ్చాక రెక్కలు సరిచేయండి. 50 మీటర్ల ఎత్తులో థ్రాటిల్ తగ్గించి, కావాలనే స్టాల్ చేయించి చూస్తే ఏ వేగంలో పడుతుందో తెలుస్తుంది. దిగే ముందు అది తెలిసి ఉండాలి.

గాలిలో మోటార్ ఆగిపోయింది

సర్వోలు పనిచేస్తుంటే అది లో-వోల్టేజ్ కటాఫ్, అంటే బ్యాటరీ తగ్గిపోయి ఈఎస్‌సీ మోటార్‌ను ఆపేయడం. ముక్కు కొద్దిగా దించి, వేగం నిలుపుకుంటూ దించేయండి. వెనక్కి తిప్పి మీ దగ్గరికే తేవాలని చూడొద్దు. థ్రాటిల్ కింద పెట్టి మళ్ళీ మెల్లగా ఇస్తే కొన్ని సెకన్లు రావచ్చు. మొదటిసారి టైమర్ 5 నిమిషాలకు పెట్టండి. దిగాక ఒక్కో సెల్ 3.7 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే తర్వాతి సారికి టైమర్ తగ్గించండి. ఫుల్ చార్జ్‌లో సెల్‌కు 4.2 వోల్టులు రావాలి. సెల్స్ మధ్య తేడా 0.1 వోల్టు దాటితే ఆ బ్యాటరీతో కొత్త విమానం ఎగరేయకండి.