కారు ఇంధన వ్యవస్థలో నీరు, తుప్పు - 4వ పాఠం: సీసాలోకి దిగింది పెట్రోలేనా?

పోయిన పాఠంలో ‘నీరంతా పోయి పెట్రోలు వచ్చేదాకా ట్యాంకు అడుగు నుంచి దించండి’ అని రాశాను. అలా చేసినవాళ్లలో చాలామందికి నాలుగు రోజులకే బండి మళ్లీ మొరాయించింది. అందరి మాటా ఒకటే: ‘పావు లీటరు దించేసరికి తేటగా వచ్చింది, ఆపేశాం.’ ఫిల్టరు మార్చడం వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ముందు ఇది తేలాలి.

ఇథనాల్ లేని పాత పెట్రోల్లో నీరు దాదాపు కలిసేది కాదు. అడుగున విడిగా నిలిచేది, చూడగానే తెలిసేది. ఇప్పుడు బంకులో పోసేది ఈ-20. నూటికి 20 పాళ్లు ఇథనాల్, అది నీటిని తనలో కలిపేసుకుంటుంది. పరిమితి దాటిందంటే పెట్రోలును వదిలేసి నీటితో కలిసి కిందికి దిగుతుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుకు 15 డిగ్రీల దగ్గర ఆ పరిమితి సుమారు అర శాతం నీరు. ఈ-20 ఇంకాస్త ఎక్కువ మోస్తుంది. చలి పెరిగేకొద్దీ ఈ పరిమితి తగ్గుతుంది. రాత్రి బాగానే ఉన్న బండి తెల్లవారి స్టార్ట్ కాకపోవడానికి ఇదొక కారణం.

35 లీటర్ల నిండు ట్యాంకులో 7 లీటర్ల ఇథనాల్ ఉంటుంది. విడిపోతే అందులో ఎక్కువ భాగం అడుగుకే చేరుతుంది. అంటే కింది పొర పావు లీటరుతో పోయేది కాదు, లీటర్లలో ఉంటుంది. పైగా తేటగానే ఉంటుంది. మీరు పెట్రోలనుకుని ఆపేసింది చాలావరకు ఆ పొర దగ్గరే.

దించిన సీసాలో రెండు పొరల మధ్య గీత కనిపించలేదంటే మంచి పెట్రోలని కాదు. సీసా మొత్తం కింది పొరే అయినా గీత కనిపించదు. వాసన చూసి చెప్పలేరు, ఆ పొరలోనూ కొంత పెట్రోలు ఉంటుంది. అంటించి చూడటం ప్రమాదం, పైగా దండగ. ఇథనాల్ కూడా మండుతుంది. నీటిని పట్టే మామూలు పేస్టు ఈ పొరలో సరిగా రంగు మారకపోవచ్చు.

సరైన పరీక్ష ఒకటే: నీళ్లు పోసి చూడటం. కొలత గీతలున్న గాజు గొట్టంలో 20 మి.లీ. నమూనా, 20 మి.లీ. నీళ్లు పోసి, మూతపెట్టి కుదిపి, ఒకసారి మూత వదులు చేసి, 5 నిమిషాలు కదపకుండా ఉంచండి. ఈ-20 అయితే పైన సుమారు 16 మి.లీ. పెట్రోలు తేలుతుంది, కింది భాగం 24 దాకా పెరుగుతుంది. ట్యాంకులోని కింది పొరయితే నీళ్లలో చాలావరకు కలిసిపోయి, పైన కొద్దిపాటి పెట్రోలే మిగులుతుంది. దించే ప్రతి లీటరుకూ ఇలా చూడండి.

విడిపోయిందని తేలాక పై పొరనూ ఉంచకండి. ఇథనాల్ పోవడంతో దాని ఆక్టేన్ (వేళకు ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) పడిపోతుంది, ఇంజిన్ నాక్ కొడుతుంది, అంటే లోపల టకటకమంటుంది. దానిమీద కొత్త పెట్రోలు పోసి కలుస్తుందని ఆశపడొద్దు. ‘నీరు తీసే’ ఆల్కహాల్ సీసాలు నేనైతే కొనను. లీటర్ల కొద్దీ ఆల్కహాల్ ఉన్నచోట ఇంకో 300 మి.లీ. పోసి సాధించేదేముంది?

ఇంజెక్షన్ బండి (కార్బరేటర్ లేనిది) అయితే ఇంధన పైపు విప్పేముందు ఇంధన పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడిపి, ఆ తర్వాతే బ్యాటరీ నెగటివ్ విప్పండి. చాలా బండ్లలో లైనులో సుమారు 3 బార్ల ఒత్తిడి ఉంటుంది.

తుప్పు కూడా ఈ పొర వల్లే ముదురుతుంది. పెట్రోల్లో కరెంటు పారదు, నీరు చేరిన ఇథనాల్లో పారుతుంది. ఉప్పు తగిలితే ఇంకా వేగంగా తింటుంది. ఫిల్టర్లో గోధుమ రంగు పొలుసులుంటే తుప్పు పట్టింది ఉక్కు ట్యాంకు. కార్బరేటర్లో తెల్ల పొడి ఉంటే దాని జింకు, అల్యూమినియం బాడీ. పచ్చదనం కనిపిస్తే ఇత్తడి జెట్లు (కార్బరేటర్లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల ముక్కలు). జెట్లలో తీగ గుచ్చొద్దు, రంధ్రం పెద్దదవుతుంది.

నీరు ఎక్కడిదంటే చాలామంది గాలి తేమ అంటారు. 30 డిగ్రీల దగ్గర 35 లీటర్ల గాలిలో నిండుగా తేమ ఉన్నా అది ఒక గ్రాము. 200 మి.లీ. నీరు దొరికితే ట్యాంకు మూత రబ్బరు వాషరు చూడండి. మూత చుట్టూ ఉన్న గుంతలో నీరు పోయే రంధ్రం మూసుకుందేమో చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో మునిగిన బండ్ల లాంటివాటిలో ట్యాంకులోకి గాలి వెళ్లే గొట్టం నుంచి కూడా నీరు వచ్చి ఉండొచ్చు.

అభ్యాసం: ఆరుబయట, నిప్పుకు దూరంగా. గాజు సీసాలో 80 మి.లీ. కొత్త పెట్రోలు తీసుకుని, ఇన్సులిన్ సిరంజితో 0.1 మి.లీ. చొప్పున నీళ్లు వేస్తూ ప్రతిసారీ అర నిమిషం కుదపండి. మసక కమ్మి నిలిచిపోయిన కొలత రాసుకోండి. ఇంకో 80 మి.లీ. తీసుకుని, సీసాను ఐసు నీళ్ల తొట్టిలో పెట్టి మళ్లీ చేయండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, ఆవిరి అంటుకుంటుంది. రెండుచోట్లా మూడేసిసార్లు చేసి, కొలతలు దగ్గరగా వచ్చాకే ట్యాంకు నమూనా తీయండి.