తాగుడు మాన్పించాలంటే: మొదటి 5 రోజులు, తర్వాతి 90 రోజులు

పెద్దమనుషుల ఎదుట నిలబెట్టి, గుళ్ళో కొబ్బరికాయ కొట్టించి, పిల్లల తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించడం మన వైపు ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. ఎప్పుడో పండక్కీ పబ్బానికీ తాగేవాడికి అది సరిపోవచ్చు. పొద్దున లేవగానే చేతులు వణికి, రెండు గుక్కలు పడితేగానీ బీడీ వెలిగించుకోలేని మనిషికి మాత్రం ఆ ఒట్టు ప్రాణం మీదికి తెస్తుంది. అయ్యప్ప మాల వేసుకుని ఒక్కపూటలో మందు ఆపేసినవాళ్ళలో కొందరికి మర్నాడో, ఆ మర్నాడో ఫిట్స్ వచ్చేది ఇందుకే. మాల మంచిదే, 41 రోజుల నియమం చాలామందికి గట్టి ఆసరా. కానీ రోజూ తాగేవాడు మాల వేసుకునే ముందు డాక్టరుకు చూపించుకుని తీరాలి.

ముందుగా ఎంత తాగుతున్నాడో లెక్క తేల్చండి. "ఎంత తాగుతావు?" అంటే "ఏదో కొంచెం" అంటాడు, కాబట్టి సీసాల్లో అడగండి. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 42.8 శాతం ఆల్కహాలు ఉంటే తూకంలో అది దాదాపు 61 గ్రాములు. 10 గ్రాములు ఒక యూనిట్ అనుకుంటే క్వార్టర్ అంటే 6 యూనిట్లు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు, 8 శాతందైతే, 4 యూనిట్లు. "బీరే కదా" అని రోజూ రెండు లాగించేవాడు క్వార్టర్ వాడికంటే ఎక్కువ తాగుతున్నట్టే. నాటుసారాకు ఈ లెక్క కుదరదు, అందులో ఏముందో కాచినవాడికే తెలియదు. సారా తాగాక చూపు మసకబారిందంటే నిద్రపోనివ్వకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

లెక్క తేలాక నాలుగు ప్రశ్నలు వెయ్యండి. పొద్దున్నే తాగకపోతే వణుకు, చెమటలు వస్తున్నాయా? ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా? లేనివి కనిపించడం, మాటలు వినిపించడం జరిగిందా? కామెర్లు, రక్తపు వాంతులు, నల్లటి విరేచనాలు ఉన్నాయా? ఒక్కదానికి అవునన్నా ఇంట్లో మాన్పించే ప్రయత్నం పెట్టుకోవద్దు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి, అక్కడికి తీసుకెళ్ళండి. నాలుగింటికీ కాదన్నవాడు డాక్టరు రాసిన మాత్రలతో, రోజూ ఒకరు వచ్చి చూసి వెళ్తుంటే ఇంట్లోనే మానవచ్చు. పక్కింటాయనకు రాసిన మాత్రలు ఈయనకు వెయ్యకూడదు. వణుకు తగ్గించే మాత్రలు మత్తువే, వాటితో పాటు మందు కూడా తాగితే ఊపిరి ఆగిపోవచ్చు.

ఆఖరి గుక్క ఎప్పుడు పడిందో టైముతో సహా కాగితం మీద రాసి పెట్టండి. లెక్కంతా అక్కడి నుంచే. 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమట, వాంతి, కంగారు మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా 48 గంటల్లోపే వస్తాయి. 48 నుంచి 96 గంటల మధ్య వచ్చేది అన్నిటికన్నా భయంకరం. ఒళ్ళు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది, ఎక్కడున్నాడో తెలియదు. గోడ మీద లేని చీమల్ని దులుపుతాడు, దుప్పట్లో పాములున్నాయని లేచి వీధిలోకి పరిగెడతాడు. సరిగ్గా ఈ దశలోనే "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్తారు. ఒక రాత్రి అక్కడ పోతే మనిషి దక్కకపోవచ్చు. అది గాలీ కాదు, దయ్యమూ కాదు. ఏళ్ళ తరబడి మందు అణిచిపెట్టిన నరాలు ఒక్కసారిగా చెలరేగడం. 108కి ఫోన్ చేసి, ఆఖరి గుక్క టైము రాసిన కాగితం ఆసుపత్రిలో చూపించండి.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టొద్దు, నోట్లో చెంచా దూర్చొద్దు, నీళ్ళు పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, టైము చూసుకోండి. ఫిట్స్ ఆగిపోయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

ఊళ్ళలో తరచుగా జరిగే ఇంకో తప్పు ఉంది. మనిషి నీరసపడిపోయాడని ఆర్‌ఎంపీని పిలిచి గ్లూకోజు బాటిలు ఎక్కిస్తారు. ఏళ్ళ తరబడి తిండి మాని తాగినవాడి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజు ఖర్చు కావాలంటే ఆ విటమిన్ కావాలి. ఉన్న కాస్తా దానికే అయిపోతే దెబ్బ మెదడుకు తగులుతుంది: చూపు రెండుగా కనబడుతుంది, నడక తూలుతుంది, కొందరికి జ్ఞాపకశక్తి ఇక తిరిగి రాదు. బాటిలు పెట్టేవాళ్ళను "ముందు బి1 ఇంజెక్షన్ వేశారా?" అని అడగండి. ఈ ఒక్క మాట ప్రతి పొదుపు సంఘంలోనూ ఒకరికైనా నోటికి వచ్చి ఉండాలి.

చెప్పకుండా అన్నంలో కలిపే పొడుల జోలికి వెళ్ళొద్దు. వాటిలో డైసల్ఫిరామ్, అంటే తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర, ఉంటే తెలియక తాగిన మనిషికి మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉంటే ప్రాణమే పోవచ్చు. ఆ మందును డాక్టర్లు కూడా రోగికి అన్నీ చెప్పి, ఒప్పించాకే ఇస్తారు. ఆపేశాక రెండు వారాల వరకు దాని ప్రభావం ఉంటుంది.

ఐదు రోజులు గడిచాక ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది, అది డాక్టరు ఒక్కడి వల్ల అయ్యేది కాదు. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్ళు అక్షరాస్యత కేంద్రంలో చదువుకుంటూనే సారా కొట్టు మూయించారు. ఆ కదలికే పెరిగి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్ళింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. కొట్టు మూసినా, తెరిచినా, మానిన మనిషి సాయంత్రం ఆరు గంటలకు ఎక్కడ కూర్చోవాలన్నది ఊరు చూసుకోవాల్సిన సంగతే.

ఈ పనికి ఐదుగురు చాలు. పొదుపు సంఘం నుంచి ఇద్దరు, ఆశా కార్యకర్త, బండి ఉన్న కుర్రాడు, ఏడాది దాటి మానేసి ఉన్న మనిషి ఒకరు. ఈ చివరి మనిషి మాటే అందరికంటే బాగా ఎక్కుతుంది. వడ్డీకి అప్పిచ్చేవాళ్ళను, బెల్టు షాపుతో లావాదేవీలున్నవాళ్ళను చేర్చుకోవద్దు. ఎవరు మానుతున్నారో మైకులో చెప్పొద్దు, వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. తాగే ఆడవాళ్ళూ ఉన్నారు, పేరు బయటికొస్తుందన్న భయంతోనే వాళ్ళు రారు. వాళ్ళ దగ్గరకు ఆశా కార్యకర్త ఒక్కరే వెళ్ళాలి.

ఈ 90 రోజుల్లో మొదటి నెల రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు, ఐదుగురిలో ఒకరు ఆ ఇంటికి వెళ్ళాలి. వెళ్ళి "తాగలేదు కదా?" అని అడగొద్దు, అది పోలీసు ప్రశ్నలా ఉంటుంది. "ఏందన్నా, రేత్రి నిద్ర పట్టిందా? అన్నం సయించిందా?" అనండి. నిద్ర చెడితే మనసు మందు వైపు లాగవచ్చు, అది ముందే తెలిసిపోతుంది.

చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాడికి గండం బట్వాడా రోజు, అంటే కూలి డబ్బు చేతికొచ్చే రోజు. వేటకెళ్ళేవాడికి పడవ ఒడ్డుకు చేరిన పూట, పొగాకు రైతుకు వేలం డబ్బు పడిన రోజు. ఆ రోజులు ముందే నోట్‌బుక్‌లో గుర్తు పెట్టుకోండి. ఆయన ఒప్పుకుంటేనే ఏటీఎం కార్డు భార్య దగ్గర ఉంచండి, లాక్కుంటే అప్పుచేసి తాగుతాడు. బట్వాడా సాయంత్రం బండి కుర్రాడు క్వారీ దగ్గరికే వెళ్ళి ఎక్కించుకుని రావాలి, కొట్టు లేని దారిన. తాగాలన్న యావ ఒక కెరటం. చాలాసార్లు 20, 30 నిమిషాల్లో విరిగిపోతుంది. ఆ అరగంటలో కడుపు నిండా ఏదైనా తినాలి, నీళ్ళు తాగాలి, ఒంటరిగా ఉండకూడదు.

మందు దిగిపోయాక దాని కింద దాగిన దిగులు పైకి తేలుతుంది. అప్పులు, పరువు, పోగొట్టుకున్న ఏళ్ళు ఒక్కసారిగా కనబడతాయి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. అవునంటే ఒక్కణ్ణే వదలొద్దు. ఇంట్లోని పురుగుమందు డబ్బాలు ఆ పూటే వేరే చోట తాళంలోకి వెళ్ళాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు మాన్పించే సలహాలకు 14446. భార్యను కొడుతుంటే మాన్పించే పని పక్కన పెట్టి ముందు ఆమెకు రక్షణ చూడండి: ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181, లేదా అత్యవసర నంబరు 112.

గంజాయి అలవాటైన పిల్లల విషయంలో తిట్లు పనికిరావు. మానిన మొదటి రెండు వారాలు నిద్ర పట్టదు, చిరాకు ఎక్కువగా ఉంటుంది, అన్నం సయించదు. ఎవరో తనను వెంటాడుతున్నారని అంటుంటే మానసిక వైద్యుడికి చూపించాలి. తెచ్చి అమ్మేవాళ్ళ గురించి 1972 నంబరుకు ఫోన్ చేసి చెప్పండి. కేసు పెడతారేమో అని పిల్లవాణ్ణి దాచిపెట్టొద్దు. తనంతట తాను చికిత్సకు వచ్చిన వాడకందారుకు మత్తుపదార్థాల చట్టంలోని 64ఎ సెక్షన్ షరతులతో రక్షణ ఇస్తుంది.

మళ్ళీ తాగితే, అది చాలామంది విషయంలో జరిగేదే, ఆ రాత్రి పంచాయతీ పెట్టొద్దు. మత్తులో ఉన్నవాడికి చెప్పిన మాట వృథా. పడిపోయి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, పిలిస్తే పలుకుతున్నాడో లేదో చూస్తూ ఉండండి. నెల మానిన ఒంటికి పాత కోటా మోతాదు మించుతుంది, పలకకపోతే 108. పొద్దున కాఫీ ఇచ్చి, ఎక్కడ, ఎవరితో, ఏం జరిగాక మొదటి గుక్క పడిందో అడిగి నోట్‌బుక్‌లో రాయండి. ఒక్క పూటే అయితే అదే రోజు డాక్టరుకు చెప్పి మానడం కొనసాగించవచ్చు. వరసగా రోజులు తాగి ఉంటే ఆఖరి గుక్క టైము మళ్ళీ కాగితం మీద రాసి, ఆ నాలుగు ప్రశ్నల నుంచి మొదలుపెట్టండి.