పాత హార్డ్ డిస్కు విప్పేముందు: నియోడిమియం అయస్కాంతాలతో జాగ్రత్తలు

మూలపడ్డ డెస్క్‌టాప్ హార్డ్ డిస్కులో వంకీ తిరిగిన వెండిరంగు అయస్కాంతాలు రెండుంటాయి. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసినవి. బరువులో దాదాపు 30 శాతం అరుదైన మృత్తిక లోహాలే. ఫ్రిజ్ తలుపుకు అంటించే నల్ల ముక్కలాంటివే కదా అని చేయి పెడితే వేలు నలుగుతుంది.

ముందు బల్ల మీద చాకులు, బ్లేళ్లు, మేకులు లేకుండా చూసుకోండి. కళ్లకు రక్షణ అద్దాలు, మందపాటి గ్లవ్స్ తప్పనిసరి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి.

మూతకు సాధారణంగా టీ8 స్టార్ బిట్ (నక్షత్రం ఆకారపు స్క్రూడ్రైవర్ మొన) సరిపోతుంది, చిన్న డిస్కులకు టీ6 కావాలి. స్క్రూలన్నీ తీసినా మూత రాకపోతే బలంగా పెకలించకండి. లేబుల్ మీద బొటనవేలితో నొక్కుతూ వెళితే ఒకచోట గుంట తగులుతుంది, మిగిలిన స్క్రూ అక్కడే. ల్యాప్‌టాప్ డిస్కుల్లో డేటా దాచే గుండ్రటి పళ్లేలు చాలావరకు గాజువి, వంచితే పెంకులై ఎగురుతాయి.

అయస్కాంతాల ఇనుప పట్టీలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. సందులో వేలు పెట్టకుండా స్క్రూడ్రైవర్‌తో ఒక కొసను లేపండి. పట్టీకి జిగురుతో అంటిన ముక్కను గీకితే రాదు. పట్టీని వైస్‌లో బిగించి రెండో కొసను ప్లయర్‌తో వెనక్కి వంచితే ఊడొస్తుంది. అతుక్కుపోయిన రెండు ముక్కలను ఎదురుగా లాగకుండా పక్కకు జరిపి విడదీయండి. చేజారి ఢీకొంటే పింగాణీలా పగులుతాయి. నికెల్ పూత లేచిన ముక్క తేమకు తుప్పుపట్టి పొడైపోతుంది.

రంధ్రం వేయడం, గ్రైండర్ పట్టడం వద్దే వద్దు. ఆ పొడి దానంతటదే అంటుకోగలదు. మంట వస్తే నీళ్లు కాదు, పొడి ఇసుక చల్లాలి. జిగురు కరగాలని కాల్చడమూ పొరపాటే: మామూలు రకాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి, పొగ మన ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

పిల్లలు రెండు ముక్కలు మింగితే పేగు గోడలు వాటి మధ్య చిక్కి చిల్లులు పడతాయి. పిల్లాడు ఆడుకుంటున్నాడు కదా అని ఆగకుండా, ఆపరేషన్ సౌకర్యమున్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.

తీసిన ముక్కలను ఇనుప తుక్కులో కలపకండి. కొలిమిలో ఇనుము దక్కుతుంది, నియోడిమియం చిట్టెంలో పోతుంది. ఈ లోహం కోసం చైనాలోని బయాన్ ఓబోలో కొండలు తవ్వారు. శుద్ధి చేసే బావోటౌ దగ్గర రేడియోధార్మిక థోరియం కలిసిన వ్యర్థాలు చెరువై నిలిచాయి. మన భీమునిపట్నం ఇసుకలో నియోడిమియం దొరికే ఖనిజం మోనజైట్‌లోనూ థోరియం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ముక్కకూ ముక్కకూ మధ్య చెక్కపేడు పెట్టి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సర్ది, పైన ‘అయస్కాంతాలు’ అని రాయండి. ఏటీఎం కార్డున్న జేబులో మాత్రం వేసుకోకండి.