వంట పనిలో పిల్లలను కలుపుకోవడం ఎలా?

పిల్లల చేత వంటలో సాయం చేయించుకోవాలనుకునే తల్లిదండ్రులు ముందుగా చూసుకోవలసింది సమయం. బడి బస్సు వచ్చే వేళకు టిఫిన్ డబ్బాలు సర్దుతూ మూడేళ్ల పిల్లకు పని అప్పగిస్తే, ఆ పనీ కాదు, మన ఓపికా మిగలదు. ఆదివారం ఉదయమో, సాయంత్రం వంట మొదలుపెట్టడానికి అరగంట ముందో అనుకూలంగా ఉంటుంది. చేతులు సబ్బుతో కడిగించి, నేల మీద పాత దుప్పటి పరిచి, కూర్చుని చేసే పనులనే మొదట ఎంచుకోవాలి. అప్పుడు గట్టు అందడం కోసం పిల్లలను కుర్చీ ఎక్కించనక్కరలేదు. పొయ్యి కూడా దూరంగా ఉంటుంది.

రెండు మూడేళ్ల వారికి ఆకుకూరను మించిన పని లేదు. గోంగూర కట్ట విప్పి, ఒక కాడను మీరు పట్టుకుని, ఆకును మొదట్లో గిల్లి చూపించండి. వారు మొదట ఆకును సగానికి చింపుతారు, కాడలను కూడా ఆకుల్లోనే పడేస్తారు. ఆకులకు ఒక గిన్నె, కాడలకు ఒక గిన్నె విడిగా పెడితే తేడా తొందరగానే తెలిసివస్తుంది. ఆకు చిరిగినంత మాత్రాన పచ్చడికి వచ్చే లోటేమీ లేదు కనుక, వారు గిల్లిన ఆకులను వారి కళ్లముందే మళ్లీ ఏరడం మాత్రం మానుకోవాలి. ఆ గిన్నెలోని కూరే కంచంలోకి రావాలి. తాను గిల్లిన గోంగూర అని తెలిసిన పిల్ల కనీసం ఒక ముద్ద రుచి చూసే అవకాశం ఎక్కువ. చూడకపోతే బలవంతపెట్టవద్దు.

నాలుగైదేళ్లు వచ్చాక చిక్కుడుకాయలు ఇవ్వవచ్చు. కొన విరిచి, అంచు వెంబడి ఈనెను లాగి, రెండో వైపు కూడా అలాగే తీసి, కాయను విప్పి లోపల పుచ్చు ఉందేమో చూడాలి. పురుగును పట్టుకోవడంలో పెద్దల కంటే పిల్లల కళ్లే చురుకు, ఆ పని వారికి ఆటగా కూడా ఉంటుంది. వెల్లుల్లి రెబ్బలను కాసేపు నీళ్లలో నానబెట్టి ఇస్తే పొట్టు సులువుగా వస్తుంది. వేరుశనగ గుళ్లు, శనగలు మాత్రం ఐదేళ్ల లోపు వారి చేతికి ఇవ్వకపోవడమే మంచిది. నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

ఆరేడేళ్ల వారు దాదాపు మొత్తంగా చేయగలిగిన వంటకం నిమ్మకాయ పులిహోర. ఒక గ్లాసు బియ్యాన్ని పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, చిటికెడు పసుపు, చెంచా నూనె వేసి ఆరనివ్వండి. ఈలోగా వారు ఒక పెద్ద నిమ్మకాయ పిండి, గింజలు ఏరి, కరివేపాకు దూసి ఉంచుతారు. పోపు మీరే పెట్టాలి. ఆవాలు చిట్లేటప్పుడు వారిని వంటగది గుమ్మం దగ్గరే నిలబెట్టండి. పోపు, రసం, ఉప్పు అన్నంలో వేశాక, చల్లారిన అన్నాన్ని మెతుకు చిదమకుండా చేత్తో కలపడం, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడం వారి వంతు. ఉప్పు గురించి వారి మాటే చెల్లనివ్వండి, కాస్త తక్కువైనా సరే.

కత్తిపీట, కుక్కర్, మిక్సీ, గంజి వార్చడం ఈ వయసు పనులు కావు. కోయడం నేర్పాలంటే మొద్దు చాకుతో అరటిపండు, ఉడికిన బంగాళాదుంప చాలు. పచ్చిమిర్చి ముట్టనివ్వకండి, పొరపాటున చేతికి కారం అంటితే నూనె రాసి, ఆ తరువాత సబ్బుతో కడగాలి, అంతవరకూ చెయ్యి కంటి దగ్గరికి పోకుండా చూడాలి. పచ్చి కోడిగుడ్డు, మాంసం తాకితే వెంటనే చేతులు కడిగించాలి. పూరీ పిండి పిసకడం వారికి ఎంతో ఇష్టమే గాని, పచ్చి పిండి నోట్లో పెట్టుకోనివ్వకూడదు.

ఈ పనులన్నీ ఆడపిల్లకు చెప్పి, మగపిల్లవాడిని టీవీ ముందు కూర్చోబెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇద్దరికీ సమానంగా పంచండి. మధ్యలో విసుగొచ్చి లేచిపోతే వెళ్లనివ్వండి, మిగిలింది మీరు పూర్తిచేసుకోవచ్చు. కొంత అలవాటయ్యాక మజ్జిగ చిలకడమో, కంచాలు పెట్టడమో ఒక పనిని పూర్తిగా వారికే వదిలేయండి. ఆ పని వారు మరిచిన రోజున గుర్తుచేయండి గాని, వారికి బదులుగా మీరు చేసేయకండి.