ఎప్పటినుంచో పనిచేస్తున్న ఇళ్లలో ధర పెంచే ముందు: బెంగళూరులో కిటికీలు తుడిచేవారికి జాగ్రత్తలు

సంక్రాంతి దాటితే బెంగళూరులో గాలి పొడిబారుతుంది. రోడ్డు తవ్వకాల మట్టి, మెట్రో పనుల దుమ్ము కలిసి ఈ సోమవారం తుడిచిన అద్దాన్ని వచ్చే సోమవారానికి మసకబారుస్తాయి. మనకు పని బాగా దొరికే నెలలివి. పాత ఇళ్లలో, అంటే ఎప్పటినుంచో పనిచేస్తున్న ఇళ్లలో, ధర పెంచాలనుకునేవారు ఆ మాట ఎత్తవలసినదీ ఇప్పుడే. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు సొంతంగా ఈ పని చేసుకుంటున్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. తొమ్మిదేళ్లలో దెబ్బలు తిని నేర్చుకున్నది వారి కోసం రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోండి. విడి ఇళ్లున్న వీధిలో ఒక ఇంటి ధర ఆ ఇంటి గడప దాటదు. అపార్టుమెంటులో అలా కుదరదు. ఒక ఫ్లాట్‌లో పెంచామంటే ఆ టవర్ అంతటికీ తెలిసినట్టే. లిఫ్టులో మాట్లాడుకుంటారు, వాట్సాప్ గ్రూపులో అడుగుతారు, వంట చేసే ఆమె పై అంతస్తుకు మోసుకెళుతుంది. అన్ని ఫ్లాట్లకూ అవే కిటికీలు, అవే కొలతలు కాబట్టి పోల్చి చూడటం ఎవరికైనా తేలిక.

నేను ఇది తెలుసుకున్న తీరు చెబుతాను. ఒకే టవర్‌లో నాకు పదకొండు ఇళ్లు ఉండేవి. మొదట చేరిన ఇంటికి 600 రూపాయలు, ఏడాది తర్వాత చేరినవారికి 750, ఆ తర్వాత వచ్చినవారికి 900. అన్నీ మూడు పడకగదుల ఫ్లాట్లే. నాలుగేళ్లు మొహమాటంతో నోరు మెదపలేదు. ఒకరోజు 600 ఇస్తున్న పెద్దాయనతో, పని అయిపోయాక చేతులు తుడుచుకుంటూ, "సార్, ఇకనుంచి 900 ఇవ్వండి" అన్నాను. ఆయన మారుమాట లేకుండా ఇచ్చారు. సాయంత్రానికల్లా గ్రూపులో ఎవరెవరు ఎంత ఇస్తున్నారనే ప్రశ్న లేచింది. పక్కింటివారు ఇన్నాళ్లూ 600కే చేయించుకున్నారని 900 ఇస్తున్నవారికి తెలిసింది. ఒక్కసారిగా మూడు వందలు పెంచినా ఆ పెద్దాయన నన్ను మాన్పించలేదు. మాన్పించింది ఒక్క రూపాయి కూడా పెంచని 900 రూపాయల ఇళ్లలో మూడు. తమను మోసం చేశానని వారు అనుకున్నారు. ఆ బాధ నాకు చాలాకాలం పోలేదు.

అందుకని ధర పెంచే పని నోటితో మొదలుపెట్టకండి, కాగితంతో మొదలుపెట్టండి. ఏ టవర్‌లో ఏ ఇంటికి ఎంత, ఎప్పటినుంచి, కిటికీలు ఎన్ని, దోమతెరలు ఉన్నాయా అన్నది ఒకచోట రాసుకోండి. ఒకే రకం ఫ్లాట్లకు రెండు మూడు ధరలు కనిపిస్తే, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఎక్కువ ఇస్తున్నవారిని ఉన్నచోటే ఉంచి, తక్కువ ఇస్తున్నవారిని రెండు విడతల్లో పైకి తీసుకురండి. అందరూ ఒక ధరకు చేరాకే అందరికీ కలిపి పెంచే ఆలోచన చేయండి. ఏడాది ఆలస్యమైనా ఫరవాలేదు.

అదే పుస్తకంలో నెల రోజులపాటు ప్రతి ఇంటికీ పట్టిన సమయం కూడా రాయండి. గేటు దగ్గర పేరు నమోదు చేయించుకునే సమయం, లిఫ్టు కోసం నిలబడిన సమయం, సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సమయం అన్నీ కలపండి. నా లెక్కలో ఒక ఇల్లు 1,000 ఇచ్చేది. పనికి రెండు గంటల నలభై నిమిషాలు, దారికి యాభై నిమిషాలు. అంటే గంటకు 286 రూపాయలు. ఇంకో ఇల్లు 700 మాత్రమే ఇచ్చేది, కానీ అప్పటికే నేనున్న టవర్‌లోనే గంటా పది నిమిషాల్లో అయిపోయేది. గంటకు 600. అప్పటిదాకా 1,000 ఇచ్చే ఇంటిని నా మంచి ఇల్లు అనుకున్నాను! ఏ ఇంట్లో పెంచాలో, ఏ ఇల్లు పోయినా నష్టం లేదో ఆ పుస్తకమే చెబుతుంది. అది లేకుండా "అందరూ పెంచుతున్నారు" అని పెంచితే, అవతలివారు ఎందుకని అడిగినప్పుడు నోట మాట రాదు.

ఇళ్లు పోతాయన్న భయానికీ ఒక లెక్క ఉంది. అన్ని ఇళ్లూ ఒకే ధర ఇస్తున్నాయనుకోండి. 20 శాతం పెంచితే ఆరింటిలో ఒక ఇల్లు మానేసినా చేతికొచ్చే డబ్బు తగ్గదు. పైగా ఆ ఒక్క ఇంటికి అయ్యే పెట్రోలు, సబ్బు, మోకాళ్ల నొప్పి మిగులుతాయి. 10 శాతం పెంచితే పదకొండింటిలో ఒకటి పోయినా సరిసమానం. అయినా అందరికీ కలిపి పెంచేటప్పుడు ఒకేసారి 15 శాతం దాటకపోవడం మంచిదని నా అభిప్రాయం. ఖర్చులు ఏటా 5 శాతం పెరిగినా మూడేళ్లకు దాదాపు 16 శాతం అవుతుంది. మూడేళ్లు ఊరుకున్నవారు ఇప్పుడు 15 శాతం అడిగితే ఆశపడుతున్నట్టు కాదు, పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకుంటున్నట్టు.

ఇక ఎప్పుడు చెప్పాలి? జనవరి చివర లేదా ఫిబ్రవరిలో చెప్పి, ఉగాది నుంచో ఏప్రిల్ 1 నుంచో అమలు చేయండి. ఉగాది మనకూ కన్నడిగులకూ కొత్త సంవత్సరమే కాబట్టి ఎవరికీ వింతగా ఉండదు. దసరా, దీపావళి ముందు వారాల్లో మాత్రం ఎత్తకండి. ఇంటికి చుట్టాలు వచ్చే వేళ చూసి మెడ మీద కత్తి పెట్టారన్న పేరు వస్తుంది. జూన్‌లో పిల్లల ఫీజులుంటాయి, వానలు మొదలవుతాయి. "వానలు తగ్గాక చూద్దాంలే" అన్న మాట వారి నోట సిద్ధంగా ఉంటుంది, ఆ తర్వాత పిలుపు రాదు. మార్చి చివరిదాకా ఆలస్యం చేయడంలోనూ ప్రమాదముంది. 2024 మార్చిలో నీటి కొరత వచ్చి, కార్లు కడగడానికీ మొక్కలకూ తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ఆ నెలలో చాలా ఇళ్లు ముందుగా ఆపింది మన పనినే. అలాంటి వేసవిలో కొత్త ధర మాట వింటే, ఆపిన పని మళ్లీ మొదలుపెట్టరు.

చెప్పేముందు పాత బాకీలు వసూలు చేసుకోండి. రెండు మూడు విడతల డబ్బు వారి దగ్గరే ఉండగా కొత్త ధర చెబితే, ఆ బాకీ బేరానికి పనిముట్టుగా మారుతుంది. ఇది అందరూ మరిచిపోయే జాగ్రత్త. ముందుగా డబ్బు కట్టినవారికి ఆ విడతలు పూర్తయ్యేదాకా పాత ధరే ఉంచాలి, ఆ మాట మీరే ముందుగా చెప్పాలి.

చెప్పే తీరు విషయానికి వస్తే, పని అయిపోయాక గుమ్మంలో నిలబడి చెప్పకండి. అప్పుడు అవతలివారు కాదనలేక ఇస్తారు, లోపల మండుతుంది. గేటు దగ్గరి సెక్యూరిటీ ద్వారానో, పనిమనిషి ద్వారానో కబురు పంపడం ఇంకా తప్పు. టవర్‌లోని అన్ని ఇళ్లకూ ఒకే రోజు, విడివిడిగా సందేశం పంపండి. నేను పంపేది ఇలా ఉంటుంది:

"నమస్కారం మేడమ్. ఏప్రిల్ 1 నుంచి మీ ఇంటి కిటికీలకు ఒక విడతకు 1,150 రూపాయలు తీసుకుంటాను. ఇప్పుడు 1,000. రెండేళ్లుగా ధర మార్చలేదు. అద్దాలు, దోమతెరలు, కిందనున్న ట్రాక్ అన్నీ ఇందులోనే. ఈ టవర్‌లో మీలాంటి ఫ్లాట్లన్నిటికీ ఇదే ధర. మార్చిలో పాత ధరే. ఏదైనా అడగాలంటే ఫోన్ చేయండి."

ఇందులో క్షమించమని లేదు, కష్టాల చిట్టా లేదు. "మీలాంటి ఫ్లాట్లన్నిటికీ ఇదే ధర" అన్న ఒక్క వాక్యం కోసమే మిగతా శ్రమంతా. అది నిజమైతేనే రాయండి.

కారణం అడిగితే మీకు నిజంగా తగిలిన ఖర్చే చెప్పండి. ఈ ఊళ్లో 2025 జనవరిలో బస్సు చార్జీలు 15 శాతం పెరిగాయి, ఫిబ్రవరిలో మెట్రో, ఏప్రిల్‌లో నందిని పాలు లీటరుకు 4 రూపాయలు, 2014 తర్వాత మొదటిసారిగా నీటి చార్జీలు. ఇవన్నీ వారికీ తెలుసు. స్కూటర్ మీద తిరిగేవారు మెట్రో చార్జీ పేరు చెబితే మాత్రం మాట విలువ పోతుంది. సహాయకుడి కూలి పెరిగితే అదే చెప్పండి.

బేరం తప్పదు. కన్నడంలో "స్వల్ప కమ్మి మాడి" (కాస్త తగ్గించండి) అంటారు, తెలుగులో "మనూరి వాడివి, మన దగ్గర కూడానా తమ్ముడూ" అంటారు. రెండోదే గట్టి దెబ్బ. మదనపల్లె అనో అనంతపురం అనో వినగానే మనసు కరుగుతుంది, అప్పటిదాకా చెప్పిన ధర చేతిలోంచి జారిపోతుంది. ఊరి అభిమానంతో వంద తగ్గిస్తే ఆ వంద మరుసటి వారం టవర్ అంతటికీ తగ్గించవలసి వస్తుంది. అంకె ముట్టుకోకుండా పని తగ్గించండి: "అక్కా, పాత ధరకే కావాలంటే దోమతెరలు ఈసారికి వదిలేస్తాను" అనండి. నిజంగా ఇవ్వలేని వారు ఉంటారు, పింఛను మీద బతికే పెద్దలు ఉంటారు. వారికి ధర మామూలుగానే చెప్పి, నాలుగు విడతలకు ఒకటి డబ్బు తీసుకోకుండా చేయండి. వారికి సాయం అందుతుంది, టవర్‌లో ధర మాత్రం ఒక్కటే ఉంటుంది.

బేరంలో ఎన్నడూ వదులుకోకూడనిది ఒకటుంది, అది మన ప్రాణ భద్రత. దీన్ని గట్టిగా చెబుతున్నాను. జారే కిటికీ అయితే రెక్కలు అటూ ఇటూ జరిపి, పొడవాటి పిడి ఉన్న వైపర్‌తో వెలుపలి అద్దం లోపలినుంచే తుడవవచ్చు. బిగించిన అద్దమైతే కుదరదు. అక్కడ సజ్జ మీదకు దిగితే గానీ చేయి అందదు. తక్కువ డబ్బుకు ఒప్పుకున్న చోటే సహాయకుడు ఉండడు, తాడు ఉండదు, తొందర ఉంటుంది. "ఒక్క అద్దమే కదా, కాస్త కాలు పెట్టి తుడిచేయి" అని ఇంటివారు మామూలుగానే అంటారు. ఆరో అంతస్తు సజ్జ మీద నాచు ఉందో లేదో వారికి తెలియదు. కొత్త ధర సందేశంలోనే "లోపలినుంచి, బాల్కనీనుంచి అందే అద్దాలు మాత్రమే" అని రాయండి. మిగిలినవి తాళ్ల మీద దిగి పనిచేసే శిక్షణ ఉన్నవారికి, అపార్టుమెంటు అసోసియేషన్ అనుమతితో ఇచ్చే పని. ఎంత పెంచి ఇచ్చినా అది మన ధరలోకి రాదు.

బోరు నీళ్ల తెల్ల మరకలనూ వేరుగా పెట్టండి. ధర పెరిగిందంటే ఏళ్లనాటి ఉప్పు మరకలు కూడా పోతాయని ఆశిస్తారు. వాటికి ఆమ్లం కలిసిన ద్రవం కావాలి, సమయం కావాలి. అది అల్యూమినియం చట్రం మీదో పాలరాతి గట్టు మీదో ఒలికితే మచ్చ పడి, ఆ నష్టం మన మెడకు చుట్టుకుంటుంది.

అసోసియేషన్ పనులు, అంటే క్లబ్ హౌస్, లాబీ, జిమ్ అద్దాలు, వేరే దారిలో నడుస్తాయి. వారి లెక్కలు సాధారణంగా ఏప్రిల్ నుంచి మార్చి వరకు. బడ్జెట్ ఖరారు కాకముందే, మేనేజరుకు రాతపూర్వకంగా కొత్త ధర అందాలి. కమిటీ మారితే పాతవారితో నోటిమాటగా అనుకున్నది ఎవరికీ గుర్తుండదు. బిల్లు విషయంలోనూ ఒక హెచ్చరిక: ఏడాది రాబడి 20 లక్షల లోపు ఉంటే మనలాంటి పనికి సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. నమోదు లేకుండా, పెంపును కప్పిపుచ్చడానికి బిల్లులో జీఎస్టీ అని రాసి వసూలు చేయడం నేరం. ఒకరిద్దరు అలా చేస్తున్నారని విన్నాను. దయచేసి ఆ పని చేయకండి.

కొత్త ధర మొదలైన తర్వాతి మొదటి విడతకు సహాయకుణ్ని ఒంటరిగా పంపకండి, మీరే వెళ్లండి. వైపర్‌కు కొత్త రబ్బరు వేసుకుని వెళ్లండి. ఆ రోజు ఇంటివారు అద్దాన్ని వెలుతురుకు అడ్డంగా చూస్తారు, మూలల్లో వేలు పెట్టి చూస్తారు. చెప్పిన సమయానికి చేరడం కూడా ఆ రోజు ఎన్నడూ లేనంత ముఖ్యం.

మానేస్తామన్నవారితో వాదించకండి. "సరేనండి, ఇన్నాళ్లు పని ఇచ్చారు, ఎప్పుడు కావాలన్నా పిలవండి" అని ఒక్క వాక్యం పంపి, నంబరు ఫోనులో ఉంచుకోండి. నన్ను మాన్పించిన ఆ మూడు ఇళ్లలో ఒకరు రెండేళ్ల తర్వాత దీపావళికి ముందు ఫోన్ చేశారు. పని గురించి అడగలేదు. "ఇప్పుడు మా టవర్‌లో అందరికీ ఒకటే ధరనా?" అని అడిగారు. ఒకటేనని చెప్పాను. ఆదివారం పొద్దున రమ్మన్నారు.