సినిమాలో మహానగరం – ఐదో పాఠం: కట్ పడ్డచోట దారి తెగుతుంది

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చాలామందిని తిప్పలు పెట్టింది. కలకత్తాలో తీసిన సినిమా ఏదైనా ఒకటి చూసి, అందులో కనబడ్డ చోట్లతో పటం గీసి పంపమన్నాను. వచ్చిన పటాల్లో చాలావాటిలో హౌరా వంతెన దిగగానే విక్టోరియా మెమోరియల్ ఉంది. ఇద్దరు ముగ్గురు దాని గోడకు ఆనించి కాళీఘాట్ గుడి కూడా పెట్టేశారు. అసలు ఊళ్లో అయితే వంతెన దిగాక బడాబజార్ రద్దీ, ఆఫీసులుండే డల్‌హౌసీ, ఎస్ప్లనేడ్, ఆ తర్వాత అంత పెద్ద మైదానం దాటితే గానీ విక్టోరియా రాదు. కాళీఘాట్ ఇంకా దక్షిణాన ఉంది.

ఇచ్ఛాపురం నుంచి ఒక పెద్దాయన మాత్రం ఒక్క తప్పు లేని పటం పంపారు. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైనవారు, కలకత్తా ఆయనకు కొట్టినపిండి. ఆయన్నీ మళ్లీ గీయమన్నాను. ఆ పటంలో ఆయన తిరిగిన ఊరుంది గానీ ఆయన చూసిన సినిమా లేదు. మనం నేర్చుకుంటున్నది తెర మీద ఉన్నదాన్ని చదవడం.

అందుకని ఈసారి చెబుదామనుకున్న వానాకాలం పాఠాన్ని పక్కన పెట్టి, కట్ గురించే, అంటే ఒక షాట్ ఆగి ఇంకో షాట్ అతుక్కునే చోటు గురించే మాట్లాడతాను.

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక కుర్రాడు సైకిలెక్కాడు. కట్. అరసవిల్లి గుడి ముందు దిగాడు. మన జిల్లాలవాళ్లెవరూ దీన్ని నమ్మరు, మధ్యలో 60 కిలోమీటర్లకు పైగా రోడ్డుందని తెలుసు కాబట్టి. కానీ బెంగాల్‌లోని బర్ద్వాన్‌లో కూర్చుని చూసే మనిషి గంటస్తంభం వెనక సందులోనే సూర్యదేవుడి గుడి ఉందనుకుంటాడు. కలకత్తా సినిమా ముందు కూర్చున్నప్పుడు మనం ఆ బర్ద్వాన్ మనిషిలాంటివాళ్లమే. దర్శకుడు మోసం చేస్తున్నాడని కాదు. అతనికి కుర్రాడి తొందర కావాలి, రోడ్డు అక్కర్లేదు. రెండు ముక్కలు అతికించగానే మధ్య దూరం మాయమవుతుంది. ఆ అతుకును దారి అనుకోవడమే మీలో చాలామంది చేసిన పొరపాటు.

ఈ అతుకు అన్నిటికంటే ఎక్కువగా గుమ్మం దగ్గర దాక్కుంటుంది. సత్యజిత్ రే ‘మహానగర్’ (1963) చూడండి. టైటిల్స్ పడుతున్నంతసేపూ ట్రామ్ పైనుండే కడ్డీ తీగ మీద జారుతూ నిప్పురవ్వలు రాలుస్తుంటుంది. అది కలకత్తా వీధి. కథలో ఆ ఉమ్మడి కుటుంబం ఇరుకిరుగ్గా బతికే ఇల్లు మాత్రం స్టూడియోలో బన్సీ చంద్రగుప్త వేసిన సెట్. వీధిలోంచి మనిషి గుమ్మం దాటి లోపలికి వచ్చాడంటే, ఊరు దాటి స్టూడియోలోకి వచ్చాడన్నమాట. గదుల ఇరుకు నిజం, మధ్యతరగతి బతుకు నిజం. కానీ ఆ ఇంటిని పటంలో పెట్టకూడదు. నోట్‌బుక్‌లో ‘లోపల’, ‘బయట’ అని రెండు వరుసలు గీసుకుని, పటానికి ‘బయట’ వరుసనే వాడండి.

పాటల దగ్గర మరీ జాగ్రత్త. ‘చూడాలని ఉంది’ (1998)లో కలకత్తా పాట మనందరికీ నోటికి వచ్చు. వేటూరి పల్లవిలోనే హుగ్లీ నదినీ హౌరా వారధినీ తెచ్చి పక్కపక్కన కూర్చోబెట్టారు. ఆ రెండూ నిజంగానే కలిసి ఉన్నవి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. చరణాల్లోకి వెళ్లాక పదాలు ఎంత దగ్గరగా వస్తే చోట్లూ అంత దగ్గరనిపిస్తాయి. కన్ను పని మొదలుపెట్టేలోపే చెవి పటం గీసేస్తుంది. నేనైతే పాటను మొదటిసారి ఎప్పుడూ సౌండ్ తీసేసి చూస్తాను. తర్వాత పదిసార్లు వినండి, ఎవరొద్దన్నారు?

మరి అతుకుల మధ్య దేన్ని నమ్మాలి? హీరో వెనకాల ఉన్నదాన్ని. హీరో ఎటు నడవాలో దర్శకుడు చెప్పగలడు, సూర్యుడికీ నదికీ చెప్పలేడు. హుగ్లీ ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. పడమటి గట్టున హౌరా, తూర్పు గట్టున కలకత్తా. నీటి అవతలి గట్టు మీద సూర్యుడు కిందకి దిగుతున్నాడంటే కెమెరా కలకత్తా గట్టున ఉంది, వేళ సాయంత్రం. అవతలి గట్టు మీద పైకి లేస్తున్నాడంటే కెమెరా హౌరా వైపుంది, వేళ ఉదయం. కథలో సాయంత్రమే అంటున్నా సరే, షాట్ పొద్దున్న తీసి ఉండొచ్చు. ఇది పట్టుకున్నారంటే పటంలో ఒక గట్టు ఖాయమైనట్టే.

తలెత్తి తీగ ఉందేమో కూడా చూడండి. వీధి నడిమధ్యన పైన తీగ పోతుంటే అది ట్రామ్ రోడ్డు. ముందు షాట్‌లో తీగ ఉండి తర్వాతి షాట్‌లో లేకపోతే మనం వేరే వీధికి వచ్చేశామన్న అనుమానం రావాలి.

కాలం పట్టుకోవడానికి రెండు తారీఖులు చాలు. మెట్రో 1984 అక్టోబర్‌లో మొదలైంది. తీగలు కట్టినట్టుండే రెండో హుగ్లీ వంతెన, విద్యాసాగర్ సేతు, 1992లో వచ్చింది. నది మీద అది కనబడితే సినిమా అంతకు ముందుది కాదు. ‘కహానీ’ (2012)లో మెట్రో ప్లాట్‌ఫామ్ మీద జరిగేదంతా 70ల కలకత్తాలో ఊహించడానికే లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ‘సీమాబద్ధ’ (1971) చివర్లో ఉంది. ఫ్యాన్ల కంపెనీ అధికారి కంపెనీ డైరెక్టర్ అయి తన ఎత్తైన ఫ్లాట్‌కు తిరిగొస్తాడు. లిఫ్ట్ పాడైంది. మెట్లెక్కడం మొదలుపెడతాడు. మొదట్లో హుషారుగానే ఎక్కుతాడు, పోనుపోను అడుగు బరువెక్కుతుంది. ఆ ఎత్తును రే ఒక్క కట్‌తో మింగేయొచ్చు. మింగలేదు. అంతస్తు తర్వాత అంతస్తు మనచేత కూడా ఎక్కించాడు. ఇలా దర్శకుడు ఓపిక పట్టి దూరాన్ని దూరంగా ఉంచినచోట ఊరు మనకు దొరుకుతుంది. అధికారులు ఎంత పైన ఉంటారో, లిఫ్ట్ లేకపోతే ఆ ఎత్తు ఒంటికి ఎలా తెలుస్తుందో అక్కడ ఉంది. ఇవాళ్టి డ్రోన్ షాట్లు ఊరంతా ఒక్కసారే చూపిస్తాయి. వాటిలో ఎవరికీ అలుపు రాదు. డ్రోన్ ఎగరగానే నేను పెన్ను కింద పెట్టేస్తాను, మీరూ పెట్టేయండి.

ఇక అభ్యాసం. ఈసారి అందరికీ ఒకే సినిమా: బిమల్ రాయ్ ‘దో బిఘా జమీన్’ (1953). 235 రూపాయల అప్పు మూడు నెలల్లో తీర్చకపోతే రెండు బిఘాల పొలం పోతుందని ఒక రైతు కొడుకుతో కలకత్తా చేరి రిక్షా లాగుతాడు. బల్‌రాజ్ సాహ్ని ఈ వేషం కోసం నిజంగానే ఆ వీధుల్లో రిక్షా లాగాడు. మన ఉద్దానం నుంచి పనికోసం రైలెక్కేవాళ్లను స్టేషన్‌లో చూసినవాళ్లకు కథ వేరే చెప్పక్కర్లేదు. రైలు దిగిన దగ్గర్నుంచి అరగంట భాగాన్ని మూడుసార్లు చూడండి, మొదటి రెండుసార్లు సౌండ్ లేకుండా. ప్రతి కట్ దగ్గరా ఒక గీత పెట్టండి. గీతకు అటూ ఇటూ నీడ ఏ వైపు పడిందో, తీగ ఉందో లేదో, మనిషి నడకలో ఉన్నాడా నిలబడ్డాడా రాయండి. పటం మాత్రం వద్దు, ఈసారి గీతలే పంపండి.

రెండో పని ఫోన్‌తో. మీ ఊళ్లో ఒకదానికొకటి దూరంగా ఉన్న ఐదు చోట్లు ఎంచుకుని, ఒక మనిషి అన్నిటినీ వరసగా దాటినట్టు ఐదు షాట్లు తీయండి. షాట్ పది సెకన్లు మించొద్దు, కెమెరా అటూ ఇటూ తిప్పొద్దు. శ్రీకాకుళంవాళ్లు ఏడు రోడ్ల కూడలితో మొదలుపెట్టొచ్చు. అతికించాక ఆ ఊరు చూడనివాళ్లకు చూపించి వాళ్లచేత పటం గీయించండి. వాళ్లు ఎక్కడ మోసపోయారో, ఏ షాట్‌లో పట్టేశారో ఒక పేజీలో రాసి వీడియోతోపాటు పంపండి. ఇచ్ఛాపురం పెద్దాయన మాత్రం ఖరగ్‌పూర్‌లో తీయకూడదు.