నా ఎంజీబీ ముందు సస్పెన్షన్ తక్కువ ఖర్చులో బాగుపడింది

ఇంగ్లండ్‌లో నా దగ్గర పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు అయిన 1972 ఎంజీబీ రోడ్‌స్టర్ ఉంది. మలుపుల్లో ముందుభాగం ఊగిసలాడుతుంటే ఖరీదైన షాక్ అబ్జార్బర్ల కిట్ కొనాలేమోనని టెన్షన్ పడ్డాను. స్టాండ్ల మీద ఎత్తి చూస్తే కింది విష్‌బోన్ల (చక్రాన్ని కారు చట్రానికి కలిపే చేతుల) కీళ్ళలో ఉండే బుష్‌లనే రబ్బరు గొట్టాలు నలిగి పిండైపోయాయి. వాటి బదులు ఇదే కారు వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) మోడల్ బుష్‌లు వేశాను. చవక, గట్టివి కూడా.

స్ప్రింగ్ విప్పేటప్పుడు దాని పళ్ళెం కింద జాకీ ఆనించి మెల్లగా దించాలి. అది ఒక్కసారిగా ఎగిరితే ప్రాణానికే ముప్పు. బుష్ బోల్టులను మాత్రం కారు బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. మొదట నేను అలాగే బిగించాను, మళ్ళీ వదులు చేయాల్సి వచ్చింది.

పాత లివర్ ఆర్మ్ డ్యాంపర్లు (మీటతో పనిచేసే పాతకాలపు షాక్ అబ్జార్బర్లు) కారడం లేదు కాబట్టి నూనె నింపి ఉంచేశాను. స్టీరింగ్ ఇప్పుడు చెప్పిన మాట వింటోంది.